అందరినీ ఒకేలా చూస్తే సరిపోతుందా? ఉత్తర నార్వే నుంచి ఒక నర్సు ప్రశ్న

ప్రశ్న: మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. నర్సింగ్ చదివి, నార్వేజియన్ భాష నేర్చుకుని, ప్రస్తుతం నార్వే ఉత్తర కొసన ఫిన్‌మార్క్‌లో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో పనిచేస్తున్నాను. నేను చూసుకునే వారిలో డిమెన్షియాతో బాధపడుతున్న 86 ఏళ్ల పెద్దావిడ ఒకరున్నారు, ఆవిడ ఇక్కడి ఆదివాసులైన సామీ జనానికి చెందినవారు. పగలు కొంత నార్వేజియన్ మాట్లాడతారు గానీ సాయంత్రమయ్యేసరికి సామీ తప్ప మరో మాట రాదు. స్నానానికి తీసుకెళ్లబోతే నా చేతులు తోసేస్తారు. నొప్పి ఉందా అంటే లేదంటారు, మంచం మీద నుంచి లేపేటప్పుడు మాత్రం ముఖం ముడుచుకుంటారు. ఫిబ్రవరి 6 సామీల జాతీయ దినం కదా, సంతోషిస్తారని ఫోన్‌లో యోయిక్ అనే సామీల సంప్రదాయ పాట వినిపిస్తే ముఖం గోడవైపు తిప్పేసుకున్నారు. ఆవిడ కూతురు ఎండబెట్టిన రెయిన్‌డీర్ మాంసం తెస్తుంటారు. ఒక వెండి బ్రూచ్‌ను తల్లి దిండు దగ్గర ఉంచమన్నారు. ఊళ్లో ఒక పెద్దాయన చేత తల్లి కోసం ‘చదివించవచ్చా’ అని కూడా మెల్లగా అడిగారు. తోటి సిబ్బంది మాత్రం ‘మేం అందరినీ ఒకేలా చూస్తాం, ఇక్కడ ప్రత్యేకాలేమీ లేవు’ అంటారు. సామీ రోగుల విషయంలో పాటించవలసిన ఆచారాల జాబితా ఒకటి ఇస్తారా?
– ఒక నర్సు సోదరి, ఫిన్‌మార్క్

సమాధానం:

సోదరీ, మీరు అడిగిన జాబితా ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదు. ఇస్తే అది మీకు సాయం చేయకపోగా ఆ పెద్దావిడను మీకు మరింత దూరం చేస్తుందని నా నమ్మకం. సామీలు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర భాగాల్లోనూ రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ ఉంటారు. వారి భాష ఒక్కటి కాదు. నేటికీ సజీవంగా ఉన్న సామీ భాషలు తొమ్మిది అని లెక్క. వాటిలో ఉత్తర సామీ మాట్లాడేవారికి దక్షిణ సామీ అర్థం కాదు. సామీ అనగానే మనకు రెయిన్‌డీర్ మందలే గుర్తొస్తాయి గానీ, ఆ వృత్తి మీద బతికేవారు వారిలో చిన్న భాగం మాత్రమే. మీరున్న తీరప్రాంతపు సామీలు తరతరాలుగా చేపలు పడుతూ, కొద్దిపాటి పశువులను, గొర్రెలను పెంచుకుంటూ బతికినవారు. లోపలి పీఠభూమిలో కౌటోకెయినోకు చెందిన ఒక పశుపాలకుడిని మనసులో పెట్టుకుని తయారుచేసిన జాబితా మీ పెద్దావిడకు సరిపోదు. ఆ పశుపాలకుడి సొంత మనవరాలికి సైతం అది సరిపోకపోవచ్చు.

న్యూజీలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరి నర్సు ఈ జాబితాల పద్ధతిని గట్టిగా ప్రశ్నించారు. రోగి ఆచారాలను నర్సు బట్టీపట్టడం కంటే, తన చేతిలో ఎంత అధికారం ఉందో, తన సంస్థ చరిత్రలో ఆ రోగి జనానికి ఏం జరిగిందో నర్సు తెలుసుకోవడం ముఖ్యమని, సేవ గౌరవంగా జరిగిందో లేదో తేల్చవలసింది సేవ పొందినవారేనని ఆమె వాదించారు. ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ 1992లో ఈ భావనను నర్సుల చదువులో చేర్చింది. మీరు రాసిన ప్రతి సంగతినీ ఆ కొలతతోనే చూద్దాం.

అన్నిటికంటే ముందు తేలవలసింది భాష సంగతి. డిమెన్షియా ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోవడం, చిన్ననాటి భాష చివరిదాకా నిలవడం ఎందరిలోనో కనిపిస్తుంది. సాయంత్రానికి అలసట కూడా తోడైతే ఉన్న కాస్త నార్వేజియన్ కూడా కరిగిపోతుంది. అందువల్ల ఆవిడకు నార్వేజియన్‌లో పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షల మార్కులను నమ్మకండి. అలా పరీక్షించి ఉంటే, ఉత్తర సామీ దుభాషి సాయంతో మళ్లీ చేయమని వైద్యుణ్ణి అడగండి. మందు మార్చేటప్పుడు, పరీక్షా ఫలితాలు చెప్పేటప్పుడు, సమ్మతి తీసుకునేటప్పుడు ఫోన్‌లోనో వీడియోలోనో అర్హత గల దుభాషి ఉండాలి. ఆ భారాన్ని కూతురి మీద వేయకండి. తల్లి తన దేహం గురించి కూతురి నోటి ద్వారా చెప్పుకోలేని విషయాలుంటాయి, కూతురు కూడా తల్లి నొచ్చుకుంటుందని మాటలు మెత్తబరుస్తుంది. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న నార్వే దుభాషి చట్టం పిల్లలను దుభాషులుగా వాడవద్దని స్పష్టంగా చెబుతోంది, కనుక మనవలను పిలిచి అడిగించడం అసలే కూడదు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఆ చిన్న ఊళ్లలో దుభాషి దగ్గరి చుట్టమో పొరుగువారో అయ్యే అవకాశం ఎక్కువ. కనుక పేరు ముందే చెప్పి, ఆ మనిషి సమ్మతమేనా అని అడగాలి. భద్రాచలం ఏజెన్సీ వైపు ఆసుపత్రుల్లో తెలుగులో అడిగిన ప్రశ్నకు కోయ పెద్దవాళ్లు తల ఊపి ఊరుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ తల ఊపడాన్ని సమ్మతిగా రాసుకోకూడదని మీకు నేను చెప్పనక్కర లేదు.

మీ వంతుగా ఒక పని వెంటనే మొదలుపెట్టవచ్చు. నొప్పి, నీళ్లు, మరుగుదొడ్డి, చలి, మెల్లగా, అయిపోయింది, ఇక్కడే ఉన్నాను వంటి మాటలను వాళ్ల ఊరి యాసలో చెప్పమని కూతురిని అడిగి, మీకు చూడగానే నోటికి వచ్చేలా తెలుగు లిపిలో ఒక కార్డు మీద రాసి జేబులో ఉంచుకోండి. అయితే ఈ మాటలు దుభాషికి ప్రత్యామ్నాయం కావు. ఉత్తర సామీ మాట్లాడగల సహాయకులు మీ సంస్థలో ఉంటే, ఆవిడకు భాష జారిపోయే సాయంకాలపు షిఫ్ట్‌లో వారు ఉండేలా చూడమని అధికారిని అడగండి. ఆ ఒక్క మనిషి మీదే తన పనితో పాటు దుభాషి పని కూడా ఊరికే వేయడం అన్యాయం. ఆ సమయాన్ని పనిగా లెక్కించమని కూడా అడగండి.

ఇక స్నానం. ఇక్కడ కొంత చరిత్ర చెప్పక తప్పదు. 86 ఏళ్ల మనిషి అంటే రెండో ప్రపంచయుద్ధపు తొలినాళ్లలో పుట్టినవారు. 1944 శరదృతువు చివర జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఫిన్‌మార్క్‌లో చాలా భాగాన్ని తగలబెట్టింది, ప్రజలను బలవంతంగా ఖాళీ చేయించింది. అప్పటికి ఆవిడ నాలుగైదేళ్ల పిల్ల. ఆ తర్వాత బడి వయసు వచ్చింది. 19వ శతాబ్దపు నడిమి నుంచి నార్వే రాజ్యం సామీలను, వారితో పాటు ఫిన్లాండ్ మూలాలున్న అక్కడి క్వేన్‌లను నార్వేజియన్లుగా మార్చే విధానాన్ని పట్టుదలగా నడిపింది. 1898లో వచ్చిన ఒక ఉత్తర్వు తరగతి గదిలో సామీ భాషను తప్పనిసరైనచోట తప్ప వాడవద్దన్నది. పిల్లలను ఇళ్లకు దూరంగా వసతి పాఠశాలల్లో ఉంచారు. ఏడేళ్ల పిల్లలు అర్థంకాని భాషలో అరుపులు వింటూ, ఉమ్మడి గదుల్లో పడుకుని, గంట కొడితే లేచి, గంట కొడితే తిని పెరిగారు. బడిలో సామీని బోధనా భాషగా అనుమతించిన చట్టం 1959లో గానీ రాలేదు. అప్పటికి మీ పెద్దావిడ చదువు ముగిసిపోయింది.

ఆవిడ ఏ బడిలో చదివారో, అక్కడ ఆవిడకు ఏం జరిగిందో నాకు తెలియదు, మీరు కూడా ఊహించి రాయకండి. కానీ సంరక్షణ గృహంలో ఆవిడకు ఏం కనిపిస్తుందో ఒకసారి ఆలోచించండి. పొడవాటి వరండా, ఒకే రంగు బట్టలు వేసుకున్న మనుషులు, వారు నిర్ణయించిన వేళకు లేవడం, వారు మాట్లాడే పరాయి భాష, ఎవరో వచ్చి బట్టలు విప్పి ఒంటి మీద నీళ్లు పోయడం. మతి స్థిమితంగా ఉన్నప్పుడు ఇది వేరు, అది వేరు అని ఎవరైనా తెలుసుకోగలరు. డిమెన్షియా ఆ గోడను కూల్చేస్తుంది. చేయి తోసేయడాన్ని ‘సహకరించడం లేదు’ అని రికార్డులో రాసే ముందు, ఆవిడ మనసు ఇప్పుడు ఏ వయసులో ఉందో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. ఆ చిన్నపిల్లను తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

ఇతరులు సామీల దేహాన్ని చూసిన తీరుకు కూడా ఒక చరిత్ర ఉంది. 1922లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ప్రభుత్వమే జాతి జీవశాస్త్ర సంస్థను నెలకొల్పింది. హెర్మన్ లుండ్‌బోర్గ్ నాయకత్వంలో దాని పరిశోధకులు సామీల తలలు కొలిచారు, వారిని నగ్నంగా నిలబెట్టి ఫొటోలు తీశారు. నార్వేలో 1852 నాటి కౌటోకెయినో తిరుగుబాటు తర్వాత 1854లో తలలు నరికి చంపిన ఇద్దరు సామీ నాయకుల పుర్రెలను విద్యాసంస్థల అధ్యయనం కోసం అట్టిపెట్టుకున్నారు, వారి బంధువులు వాటిని తిరిగి తెచ్చుకుని పూడ్చుకోగలిగింది 1997లో. అందువల్ల పుండు ఎలా ఉందో రికార్డు కోసం ఫొటో తీయవలసి వచ్చినా, రక్తం తీయవలసి వచ్చినా, ఎందుకో, ఎవరు చూస్తారో సామీలో చెప్పించి, అవుననిపించుకున్నాకే ముట్టుకోండి. స్నానాన్ని సైతం అలాగే మార్చండి. తలుపు మూసి, గది వెచ్చగా ఉంచి, కడుగుతున్న భాగం తప్ప మిగతా దేహాన్ని తువ్వాలుతో కప్పండి, తడి గుడ్డను ఆవిడ చేతికే ఇవ్వండి. రోజూ వీలైనంతవరకు ఒకే మనిషి వెళ్లాలి. షవరు కింద నిలబెట్టడమే శుభ్రత కాదు. గిన్నెడు వేడినీళ్లతో మంచం మీదే తుడిచినా శుభ్రతే. ఒక పూట వద్దంటే ఆ పూట వదిలేయండి.

స్నానం వద్దనడానికి ఇంకొక కారణం నొప్పి కావచ్చు, దాన్ని చరిత్ర మాటున మరిచిపోకూడదు. ఆ తరపు సామీ పెద్దల్లో చాలామందికి తమ పని తాము నెట్టుకురావడం, కష్టాన్ని నోరు తెరిచి చెప్పకపోవడం మర్యాద. ‘నొప్పి ఉందా?’ అన్న సూటి ప్రశ్నకు ‘లేదు’ అన్నదే అలవాటైన జవాబు. ముందు వాతావరణం, చేపలు, పిల్లల కబుర్లు నడిచి, ఆ తర్వాత ‘మంచం దిగడం ఈ రోజు కష్టంగా ఉన్నట్టుందే’ అని పక్కదారిన అడిగితే వేరే జవాబు రావచ్చు. మధ్యలో వచ్చే మౌనాన్ని మాటలతో నింపేయకండి, కాసేపు కూర్చోండి. డిమెన్షియా ఇంత ముదిరాక మాట మీదే ఆధారపడటం కూడా ప్రమాదమే. మోబిడ్-2 అనే నొప్పి కొలమానాన్ని నార్వేలోనే, బెర్గెన్‌లో, సరిగ్గా ఇలాంటి రోగుల కోసం తయారుచేశారు. చేతులు, కాళ్లు, నడుము ఒక్కొక్కటిగా మెల్లగా కదిలిస్తూ ముఖం, శబ్దం, వెనక్కి తీసుకోవడం గమనించి మార్కులు వేస్తారు. మీరు చూసిన ముఖం ముడుచుకోవడాన్ని ఆ పత్రంలో నమోదు చేసి వైద్యుడి ముందు పెట్టండి. తుంటిలోనో మోకాలిలోనో అరుగుదల ఉంటే, స్నానానికి ముందు వైద్యుడి సలహాతో ఇచ్చిన పారాసిటమాల్ మీ సగం సమస్యను తీర్చవచ్చు. ఒకవేళ ఈ ప్రవర్తన హఠాత్తుగా మొదలైనదైతే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం వంటివి ముందు చూడాలి. సంస్కృతి పేరుతో వ్యాధిని తప్పిపోనివ్వడం కూడా అగౌరవమే.

యోయిక్ సంగతి చదివి మీరు నొచ్చుకున్నారని గ్రహించాను. మీ ఉద్దేశం మంచిదే, కానీ ఊహించి ఇవ్వడం వల్ల వచ్చిన ఇబ్బంది అది. 1840లలో స్వీడన్‌లోని కారెసువాండో పాస్టర్ లార్స్ లేవి లెస్టాడియస్ మొదలుపెట్టిన ప్రార్థనా ఉద్యమం సామీల మధ్య ఎంతో బలంగా వ్యాపించింది. మద్యం ఊళ్లను తినేస్తున్న కాలంలో అది ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. ఆ ఇళ్లలో పెరిగిన పెద్దలకు యోయిక్ అంటే తాగుడు, పాపం. వారికి ఊరటనిచ్చేవి సామీలో పాడే కీర్తనలు, ప్రార్థనా కూటాలు. అదే తరంలో, పక్క ఊళ్లో, తండ్రి యోయిక్ వినగానే కళ్లు మెరిసే పెద్దావిడ ఉండవచ్చు. రష్యా సరిహద్దు వైపు స్కోల్ట్ సామీలు మళ్లీ ఆర్థడాక్స్ క్రైస్తవులు. మీ పెద్దావిడ ముఖం ఎందుకు తిప్పుకున్నారో కూతురిని అడగండి, ఏ కీర్తన అంటే ఇష్టమో కూడా అడగండి. అడిగేటప్పుడు ‘మీ సామీలు’ అనకుండా ‘మీ అమ్మగారు’ అనండి.

వెండి బ్రూచ్ విషయంలో మీరు అభ్యంతర పెట్టవలసింది ఏమీ లేదు. వెండికి కాపాడే గుణం ఉందని సామీల నమ్మకం. పసిబిడ్డ ఊయలకు వెండి గుండు కట్టడం పాత ఆనవాయితీ. ఈ బ్రూచ్ అందుకోసమో, పెళ్లినాటి గుర్తో కూతురికే తెలుస్తుంది. సూది గుచ్చుకోకుండా చిన్న గుడ్డ సంచిలో కుట్టించి దిండుకు కట్టండి, వస్తువుల పట్టీలో రాయండి, దుప్పట్లతో పాటు లాండ్రీకి పోకుండా ప్రతి షిఫ్ట్‌కూ చెప్పండి. మాంసం సంగతీ కష్టమైనది కాదు. మింగడంలో ఇబ్బంది లేదని తేలాక సన్నగా చీల్చి ఇవ్వవచ్చు. ఇబ్బంది ఉంటే బంగాళదుంపలు, క్యారెట్ వేసి మెత్తగా ఉడికించే బిదోస్ అనే రెయిన్‌డీర్ మాంసపు కూర ఉంది, దాని రసం ఉంది. తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టాలన్న నియమం ఎటూ అందరికీ ఉన్నదే. తినడం తగ్గిన వృద్ధులు ఇంటి రుచికి నోరు తెరవడం నర్సులందరికీ తెలిసిన విషయం.

‘చదివించడం’ గురించి కూతురు మెల్లగా అడిగారని రాశారు. ఆ మెల్లగా అన్న మాట నన్ను ఆపింది. ఉత్తర నార్వేలో ఇది బాగా నాటుకున్న ఆచారం. బైబిల్ వాక్యాలతో, ప్రార్థనతో రక్తం ఆపడానికో, నొప్పి తగ్గడానికో కొందరు పెద్దలు చదువుతారు. ఆ విద్య ఒకరి నుంచి ఒకరికి గుట్టుగా అందుతుంది. రోగి పక్కనే ఉండనక్కరలేదు, ఫోన్‌లో కబురందినా చదువుతారు. సామీలే కాదు, అక్కడి ఇతరులూ అడిగించుకుంటారు. నవ్వుతారేమో, మందలిస్తారేమో అన్న భయంతో చాలామంది ఈ సంగతి ఆసుపత్రిలో చెప్పరు. మీకు చెప్పారంటే మిమ్మల్ని నమ్మారు. ఆయన్ను రానివ్వండి, గది తలుపు మూయండి, ఆ సమయంలో మందుల బండితో లోపలికి వెళ్లకండి, ఏ మాటలు చదివారని అడగకండి. మందులు యథాప్రకారం కొనసాగుతాయని ఇద్దరికీ ప్రశాంతంగా చెప్పండి. తాగడానికో పూయడానికో ఏదైనా మూలిక ఇస్తేనే వైద్యుడికి చెప్పవలసి ఉంటుంది, ఆ సంగతి కూడా ముందే చెప్పండి. రికార్డులో ఎంత రాయవచ్చో కూతురిని అడిగి రాయండి.

ఇంకా రెండు మూడు విషయాలు మీకు ముందుముందు పనికొస్తాయి. రెయిన్‌డీర్ కాసే కుటుంబం ఎప్పుడైనా ఎదురైతే మంద ఎంత అని అడగవద్దు, అది బ్యాంకులో డబ్బెంత ఉందని అడగడం లాంటిది. ‘లాప్’ అన్న పాత పేరు అవమానంగా వినిపిస్తుంది, పుస్తకాల్లో కనిపించినా వాడకండి. ‘మీరు సామీలా?’ అని కొత్త రోగిని సూటిగా అడగడం మీ తీరప్రాంతంలో నొప్పించవచ్చు, ఎందుకంటే ఆ ఒత్తిడి కాలంలో ఎన్నో కుటుంబాలు తమ గుర్తింపును దాచుకున్నాయి, ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు సామీనంటే మరొకరు కాదంటారు. ‘ఏ భాషలో మాట్లాడితే మీకు హాయిగా ఉంటుంది?’ అని అడిగితే చాలు, మిగతాది చెప్పదలిస్తే వారే చెబుతారు. చివరి రోజుల్లో చుట్టాలు పెద్ద సంఖ్యలో వచ్చి రాత్రంతా కూర్చోవచ్చు, పాడవచ్చు. ఇద్దరికి మించి వద్దనే నియమం ఉంటే పెద్ద గది ఇప్పించే మాట ఇప్పుడే ఎత్తండి.

తోటి సిబ్బంది మాటకు వస్తున్నాను. వారు చెడ్డవారని నేను అనుకోను. కానీ అందరినీ ఒకేలా చూస్తామన్నప్పుడు ఆ ఒకే తీరు ఎవరిదో చూడండి. భాష నార్వేజియన్, తిండి నార్వేజియన్, పండుగలు నార్వేజియన్. నార్వేజియన్ వృద్ధులు అడగకుండానే తమ భాషలో సేవ పొందుతున్నారు, ఈ పెద్దావిడ అడిగితే అది ప్రత్యేకమవుతోంది. పాత విధానం కూడా సమానత్వం అన్న మాటతోనే నడిచింది. నార్వే పార్లమెంటు నియమించిన సత్యశోధన, సయోధ్య కమిషన్ 2023 జూన్ 1న ఇచ్చిన నివేదిక ఆ విధానం మిగిల్చిన గాయాలను నమోదు చేసింది, 2024 నవంబరు 12న పార్లమెంటు క్షమాపణ చెప్పింది. మీ వార్డు సమావేశంలో వాదనగా కాకుండా, ఆ నివేదికను అందరూ కలిసి చదువుదామన్న ప్రతిపాదనగా దీన్ని పెట్టండి. పరాయి దేశం నుంచి వచ్చి, లైసెన్సు కోసం భాషా పరీక్షలు రాసి, కొత్త ఉద్యోగంలో ఉన్న మీకు నోరు తెరవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే మీ మాట మీద కాక చట్టం మీద నిలబడమంటున్నాను. రోగుల హక్కుల చట్టం, సమాచారాన్ని రోగి సంస్కృతికి, భాషకు తగినట్టు ఇవ్వాలంటోంది. సామీ చట్టం ప్రకారం, సామీ భాషా పాలనా ప్రాంతంలో ఉన్న మునిసిపాలిటీల ఆరోగ్య, సామాజిక సంస్థల్లో సామీలో సేవ కోరే హక్కు ఉంది. మీ మునిసిపాలిటీ ఆ ప్రాంతంలోకి వస్తుందో లేదో అధికారిని అడిగి తెలుసుకోండి. కారస్యోక్‌లోని సామీ క్లినిక్‌కు ఇలాంటి రోగుల అనుభవం చాలా ఉంది, సలహా కోసం మీ వైద్యుడి ద్వారా అక్కడికి రాయించండి.

ఈ వారంలో కూతురితో ఒక గంట కూర్చుని భాష, స్నానం, తిండి, కీర్తనలు, బ్రూచ్, చదివే పెద్దాయన, ఎత్తకూడని విషయాలు అన్నీ ఆవిడ మాటల్లోనే సంరక్షణ ప్రణాళికలో రాయండి. పెద్దావిడ తేరుకుని ఉండే ఉదయం వేళ దుభాషిని పెట్టించి అదే ఆవిడకు చదివి వినిపించి, కాదన్నవి కొట్టేయండి. దుభాషి కోసం అడిగిన ప్రతిసారీ లిఖితపూర్వకంగా అడిగి, జవాబు తేదీతో భద్రపరచండి. పదేపదే నిరాకరిస్తే రోగుల తరఫున ఉచితంగా సలహా ఇచ్చే అంబుడ్స్‌మన్ ప్రతి ప్రాంతంలోనూ ఉన్నారు. ఆ సంగతి కూతురికి చెప్పండి, ఫిర్యాదు కుటుంబం పేరు మీద వెళ్లడమే మీ ఉద్యోగానికి కూడా క్షేమం.